సారమ్మ జడకు మూడు మార్కులు

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్‌కు వచ్చిన అమ్మాయిలుండే ఒక హాస్టల్‌లో సారమ్మ పదకొండేళ్లుగా వంట చేస్తోంది. రోజూ రాత్రి భోజనానికి రెండు వందల చపాతీలు ఒత్తిన చెయ్యి ఆమెది. మొన్న మే నెలలో వంటింట్లో నీళ్ల మీద జారిపడి కుడి భుజంలో కండరం తెగింది. ఎల్బీనగర్‌లోని ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. దసరా సెలవులయ్యేదాకా చూస్తానని, అప్పటికీ చెయ్యి లేవకపోతే ఇంకొకరిని పెట్టుకుంటానని యజమాని ముందే చెప్పాడు.

ఆ ఆసుపత్రిలో బిందుమాధవిది చిత్రమైన ఉద్యోగం. ఆపరేషన్ ఎలా జరిగిందో డాక్టర్లు చెబుతారు. ఇంటికెళ్లాక ఎలా ఉందో రోగి నోటితోనే చెప్పించి రాసుకోవడం ఆమె పని. పన్నెండు ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు మార్కులు. ఏ ఇబ్బందీ లేకపోతే నాలుగు, అసలు చేతకాకపోతే సున్నా.

రెండు నెలలకు వచ్చిన సారమ్మ అన్నిటికీ నాలుగే చెప్పింది. నలభై ఎనిమిదికి నలభై ఎనిమిది.

"మా డాక్టరుగారి భుజానికి కూడా ఇన్ని రావండీ" అంది బిందుమాధవి.

"ఏసయ్య దయ బిడ్డా."

ఆ కాగితం అలాగే వెళ్తే ఫిజియో ఇక వ్యాయామం అక్కర్లేదని రాసేస్తాడు. సంతకం పెట్టబోతూ బిందుమాధవి సారమ్మ జడ చూసి ఆగింది. నడినెత్తి నుంచి పాయలు పాయలుగా అల్లిన ఫ్యాషన్ జడ. చివర గులాబీ రంగు బ్యాండు.

"జడ ఎవరేశారండీ?"

"గా హాస్టల్ పోరీలు. నా నెత్తి మీదనే నేర్సుకుంటున్నరు."

"మరి తల దువ్వుకోవడానికి నాలుగన్నారేంటి?"

సారమ్మ గొంతు తగ్గించింది. "ఏం జెయ్యాలె బిడ్డా! పోయిన ఆదివారం మందిరంల నిలబడి నొప్పంత పోయిందని సాక్ష్యం చెప్పిన. అందరు చప్పట్లు గొట్టిన్రు. గిప్పుడు నీ కాయిదం మీద నొప్పుందని రాస్తే, దేవుని ముంగట అబద్ధమాడినట్టు గాదా?"

"చెయ్యి ఎత్తండి చూద్దాం."

భుజం ఎత్తుకు వచ్చి ఆగిపోయింది.

"పడ్డ రోజు ఇంత లేచిందా?"

"యాడిది! జరంత గూడ లేవలె."

"అయితే ఇక్కడిదాకా లేవడం నిజం, ఇక్కడ ఆగడమూ నిజమే. రెండూ రాయనివ్వండి. ఇలా వదిలేస్తే దసరాకు చపాతీలు ఎవరు ఒత్తుతారు?"

మళ్లీ మొదటి నుంచి చెప్పింది సారమ్మ. ఇరవై ఒకటి వచ్చాయి.

ఆ ఆదివారం ఆమె మందిరంలో మళ్లీ లేచి నిలబడింది. "పోయిన తాప జర తొందరపడ్డ. దేవుడు సగం పని జేసిండు. తక్కిన సగానికి వారంల మూడు దినాలు ఎల్బీనగర్ పొమ్మన్నడు" అంది. పాస్టర్‌గారితో సహా అందరూ నవ్వారు. చప్పట్లు మొదటిసారి కంటే గట్టిగానే మోగాయి.

దసరాకు వారం ముందు బిందుమాధవి మళ్లీ కాగితం తీసింది. తల దువ్వుకోవడం దగ్గరికి రాగానే సారమ్మ జడ విప్పేసి, సంచిలోంచి దువ్వెన తీసి, పిన్నులు పళ్ల మధ్య పెట్టుకుని తనే అల్లుకుంది.

"నాలుగు వేసెయ్యనాండీ?"

"వద్దు. మూడెయ్యి. పాపిడి వంకరొచ్చింది" అంది సారమ్మ, చివరి పిన్ను పళ్ల మధ్య నుంచి తీసి గుచ్చుకుంటూ. "తక్కినయి గూడ జల్ది అడుగు బిడ్డా. యజమాని ఇయ్యాల్టి నుంచే రమ్మన్నడు. నేను పోయి పిండి తడపాలె."