ఓడ వేడి ఎటు పోవాలె

మహారాష్ట్ర సిరోంచల ఒక మరాఠీ బడిల సైన్స్ చెప్త నేను. రాసేది మాత్రం తెలుగుల, అవి గూడ అంతరిక్షం కథలు. పోయిన ఎండకాలం సెలవులల్ల ఒక పెద్ద కథ రాసిన. అండ్ల ఒక ఆడమనిషి ఒంటరిగ ఓడ నడుపుకుంట శనిగ్రహం దిక్కు పోతది. ఆ ఓడ ఇంజన్ ఇప్పటిదాక ఎవ్వరూ చెయ్యనిది. చిన్న సూర్యుణ్ని డబ్బాల పెట్టినట్టు ఉంటది. అది తట్టినందుకు నాకు నేనే మురిసిపోయిన.

మొదలు ఫ్రిజ్‌లు బాగుచేసే నా దోస్తుకు వినిపిచ్చిన. ఆయనకు తెలుగు మాట్లాడుడు వస్తది గని చదువుడు రాదు. ఆయన దుకాణంల కూసోని నేనే చదివిన. అంత విని, "ఇంజన్ సరే యార్, ఉన్నదనుకుందం. దాని వేడి ఎటు పోతది?" అన్నడు.

"బయట అంత చలే కద భాయ్."

"చలి ఉంటె ఏమాయె? గాలి లేదంటివి. ఈ ఫ్రిజ్ వెనుక జాలి వేడిని గాలికే ఇస్తది. జర గోడకు ఆనిచ్చి పెడితెనే మిషన్ పరేషాన్ అయితది. నీ ఓడకు గాలే లేకపాయె. ఆమె లోపల్నే ఉడికిపోతది."

వేడి ఎట్లెట్ల పోతదో ఏటేటా పిల్లలకు చెప్పేది నేనే. సిగ్గయింది, దానికంటె ఎక్కువ కోపమొచ్చింది. ఇంటికొచ్చి వారం రోజులు కూసున్న. వేడిని వెలుతురు లెక్క బయటికి వదిలే పెద్ద రేకుల రెక్కలు ఓడకు పెట్టిన. వాటి వెడల్పెంత, ఎంత ఎర్రగ కాగాలె, అన్నీ లెక్కగట్టి రాసిన.

ఆదివారం అక్క వచ్చింది. జిమల్‌గట్ట దవఖానల నర్సు. నాలుగు పేజీలు తిప్పి పక్కకు పెట్టింది.

"ఏందిరా తమ్మీ, ఆ ఓడ నడిపే పిల్ల ఏది? అంత రేకుల కొలతలే ఉన్నయి."

"ఆ రేకులు లేకుంటె ఆమె చచ్చిపోతది అక్కా."

"మరి ఆ ముచ్చట రాయి."

ఒకరికి లెక్క చాలలే, ఒకరికి ఎక్కువైంది. ఇగ నేనెవరి కోసం రాయాలె? అక్క బస్సెక్కి పోయినంక ఆ కొలతల కాయితాలన్నీ చింపేసిన.

మల్ల మొదలు పెట్టిన. సూర్యుడు డబ్బాల ఎట్ల ఆగుతడో చెప్పలే, ఆగిండని రాసి వదిలేసిన. కాని ఒక రెక్క సగం తెరుసుకోని ఇరుక్కున్నది. ఇంజన్ ఆపితె శనిగ్రహం తప్పిపోతది, ఆపకుంటె లోపల ఉడుకుతది. ఆమె బయటికి పోయి ఆ రెక్కను గుంజవట్టింది.

దోస్తుకు చదివితె ఈసారి ఇంజన్ ముచ్చటే తియ్యలే. "ఆ రెక్క ఇనుప కడ్డీ లెక్క కాలుతుంటె చేతి తొడుగులు ఆగుతయా?" అన్నడు. ఇంటికొచ్చి ఆ తొడుగులు గూడ మార్చిన.

అక్కకు ఫోన్‌ల చదివిన. నడుమ సిగ్నల్ పోయింది. మూడుసార్లు ఆమెనే మల్ల చేసింది. "రెక్క కదిలిందా లేదా, అది చెప్పు" అన్నది.

కదిలిందని చెప్పిన. "సరే" అని పెట్టేసింది. బాగున్నదని గని, బాగలేదని గని ఒక్క ముక్క అనలే.