పెద్ద డ్రమ్ము

నిన్న బడి పిల్లల బ్యాండు వెళ్తుంటే, పెద్ద డ్రమ్ము మోస్తున్న అమ్మాయిని చూసి ఆగిపోయాను.

బేతంచెర్లలో ఎనిమిదో తరగతి చదువుతున్నప్పుడు మా బడి బ్యాండులో ఆ డ్రమ్ము నాకిచ్చారు. ఆడపిల్ల నడివీధిలో డ్రమ్ము కొడితే ఇంటికే తలవంపులని పెదనాన్న గొడవ చేశాడు. మర్నాడు ప్రాక్టీసు జరుగుతుంటే అమ్మ గ్రౌండులోకి వచ్చింది. నన్ను ఇంటికి లాక్కెళ్లడానికే అనుకుని ఏడుపు మొహం పెట్టాను.

అమ్మ నా భుజం చూసింది. బెల్టు ఒరుసుకుని కందిపోయింది. తాను తెచ్చిన పాత చీర ముక్కను మడిచి బెల్టు కింద పెట్టింది.

"పెద్దనాయన తిడతాడు కదమ్మా?"

"తిట్టనీలే, ఆయనకు నేను చెప్పుకుంటా. నువ్వు మాత్రం మెల్లగా కొట్టొద్దు పాపా. మన వీధి దాకా వినపడల్ల."

పంద్రాగస్టు నాడు మేము బజారులో కవాతు చేస్తుంటే, అమ్మ నీళ్ల సీసా పట్టుకుని నా పక్కనే నడిచింది. ఆ తర్వాత శానా కాలం పెదనాన్న ఆమెతో మాట్లాడలేదని పెద్దయ్యాకే నాకు తెలిసింది.

బాధపడ్డావా అని అడిగితే అమ్మ నవ్వింది.

"యాడి బాధ! ఆ పొద్దు నేనూ నడివీధిలో తలెత్తుకుని నడిచినా గదా."