వెనక్కి తిరిగొచ్చిన ఓడ

మా తాత గుడివాడలో సైకిల్ షాపు నడిపాడు. బందరు సముద్రం తప్ప ఇంకో సముద్రం చూసినవాడు కాదు. అయినా మొన్న జులైలో, ఇక్కడ అమెరికాలో, మోరిస్‌విల్‌లో మా వీధివాళ్లంతా గ్రిల్ చుట్టూ చేరినప్పుడు, ఆయన్ని రెండో ప్రపంచ యుద్ధకాలపు సరుకు ఓడలో వంటవాణ్ణి చేసేశాను. అట్లాంటిక్ మధ్యలో టార్పెడో తగిలి ఓడ మునిగిందనీ, తాత పప్పు గుండిగలో కూర్చుని గరిటెతో తెడ్డు వేశాడనీ, ఓడల గుంపులో ముందు వెళ్తున్నది ఒకటి వెనక్కి తిరిగొచ్చి అందర్నీ ఎక్కించుకుందనీ చెప్పాను. అందరూ నవ్వారు. ఎదురింటి పెద్దావిడ మాత్రం నవ్వలేదు.

మర్నాడు పొద్దున్నే తలుపు కొట్టింది. మా లాన్‌లో గడ్డి పెరిగిందని కాలనీ అసోసియేషన్‌కి ఫొటోలు పంపేది ఆవిడేనని నా అనుమానం. ఇప్పుడు నా అబద్ధం ఎత్తు కొలవడానికి వచ్చిందనుకున్నాను. చేతిలో కవరు కూడా ఉంది.

కవర్లో ఉన్నది పాతికేళ్ల మనిషి ఫొటో. వాళ్ల నాన్నట. ఆవిడ తల్లి కడుపులో ఉండగానే అలాంటి ఓడతో పాటు పోయాడు. ఒక ఓడకి దెబ్బ తగిలితే మిగతావి ఆగకూడదని ఆర్డరట. ఆగితే వాటికీ అదే గతి. ఎవరూ ఆగలేదనే వాళ్లమ్మకు చెప్పారు.

"ఒకటి తిరిగొచ్చిందన్నావు. ఏ ఓడ?" అని అడిగింది.

వంటింట్లోంచి మా ఆవిడ తెలుగులో అందుకుంది. "చెప్పండి మరి. గుండిగ తేల్చిన వారికి ఓడ పేరొక లెక్కా?"

నాలుక చివర రెండు పేర్లు సిద్ధంగానే ఉన్నాయి. ఫొటో అంచు పట్టుకున్న ఆవిడ వేళ్లు చూసి మింగేశాను. అంతా కల్పించానని చెప్పి, ఫోన్‌లో తాత షాపు ఫొటో కూడా చూపించాను. పంచె ఎగగట్టి, చేతిలో గాలిపంపుతో ఉన్నాడు.

ఆవిడ ఫొటో చూడలేదు, నన్ను చూసింది.

"ఇలా చెప్పమని ఎవరన్నారు? ఆర్డరు తప్పి తిరిగొచ్చినవాళ్లూ, వాళ్లు కాపాడినవాళ్లూ నోరు మూసుకునే ఉంటారు. మీ తాత నీకూ అదే నేర్పి ఉంటాడు."

ఇన్నేళ్లలో ఏ అబద్ధానికీ నన్నెవరూ ఇంత అనుమానంగా చూడలేదు.

ఇప్పుడు ప్రతి శనివారం వస్తోంది. కాఫీ తాగుతూ, టమాటా మొక్కల గురించి మాట్లాడుతూనే, మధ్యలో అడుగుతుంది, ఆ ఓడ ఎంతమందిని ఎక్కించుకుందని. నోట్లో పదకొండు అనే అంకె తిరుగుతుంటుంది. వాళ్ల నాన్న కోసం ఎవరైనా తిరిగొచ్చారో లేదో నాకు తెలీదు. తెలీదనే అంటాను.

"తెలీదా, రాలేదా?"

"తెలీదు."

ఆవిడ నా మొహం వంకే చూస్తూ, కప్పు ముందుకు జరుపుతుంది, ఇంకొంచెం పొయ్యమని.