కామేశ్వరి మేడం క్లాసులో మా నాయిన

నిన్న ఉదయం తార్నాకలో బస్సు దిగి సందులోకి తిరగగానే తడిసిన రాతిపొడి వాసన గుప్పుమంది. అక్కడ ఎవరో ఇల్లు కడుతున్నారు. ఒకాయన ముక్కుకు రుమాలు కట్టుకుని మిషనుతో బండలు కోస్తున్నాడు, ఇంకొకాయన పక్కన నిలబడి మగ్గుతో నీళ్లు పోస్తున్నాడు. బూడిదరంగు నీళ్లు రోడ్డు మీదికి పారుతుంటే జనం చీర కుచ్చిళ్లు, ప్యాంటు అంచులు ఎత్తి పట్టుకుని దాటిపోతున్నారు. నేను మాత్రం నిలబడిపోయాను. అది మా నాయిన చొక్కా వాసన. అయినా ఆ వాసనకు నాకు ముందు గుర్తొచ్చేది నాయిన కాదు. ఇదే సందు చివర, రెండో అంతస్తులో ఉండిన కామేశ్వరి మేడం.

మేడం యూనివర్సిటీలో మాకు ఎం.ఏ.లో సహజ వనరుల ఆర్థికశాస్త్రం చెప్పేవారు. భీమవరం వైపు మనిషి, ఉద్యోగానికని వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నేత చీర, కాళ్లకు కాన్వాసు బూట్లు, భుజాన గుడ్డసంచీ. ఇంటి నుంచి డిపార్ట్‌మెంటు దాకా రోజూ నడిచే వచ్చేవారు. ఆ దారిలో ఎవరు కలిస్తే వాళ్లకు అక్కడే పాఠం మొదలయ్యేది. ఒకసారి రోడ్డు పక్కన ఇసుక కుప్ప చూసి మేస్త్రీని ఆపారు.

"ఇది ఏ వాగు ఇసుక బాబూ?"

"ఇసుక ఇసుకే గదమ్మా. ఏ వాగుదైతే ఏంది?"

"అలా అనకు. ఇసుకకీ ఊరుంటుంది. దాన్ని తెచ్చేశాక ఆ ఊళ్లో బావులెలా ఉన్నాయో నీకు తెలుసా?"

ఆ మేస్త్రీ రెండు రోజుల తర్వాత లారీ డ్రైవర్ని అడిగి, వాగు పేరు కనుక్కుని, మేడం కోసం రోడ్డు మీద ఎదురుచూసి మరీ చెప్పాడు. ఆ రోజు ఆమె నవ్వుకుంటూనే క్లాసులోకి వచ్చారు. ఎదుటివాళ్లకు తెలిసిన సంగతి తనకు తెలిస్తే ఆమెకు అంత సంబరం.

మొదటి క్లాసులోనే ఆమె సంచీలోంచి ఒక్కొక్క వస్తువు తీసి మా చేతుల్లో పెట్టారు. ఒకరికి బొగ్గు పెళ్ల, ఒకరికి ఇనుప ఖనిజం, ఒకరికి సీసాలో బోరునీళ్లు. నా చేతిలో పడింది నీలంగా మెరిసే చిన్న బండముక్క. చూడగానే గుర్తుపట్టాను. తాండూరు బండ! మా ఊరిది. మా నాయిన చంద్రయ్య అప్పటికి పాతికేళ్లుగా ఆ గనుల్లో ఉలి, సుత్తితో పొరలు విడగొడుతూనే ఉన్నాడు. కానీ హాస్టల్లో నా రూమ్మేటు శిరీషకు నేను చెప్పింది వేరు. మాకు టైల్స్ షాపు ఉందన్నాను. ఎందుకన్నానో తెలియదు. అందరి నాన్నలూ ఏదో ఒక ఆఫీసులో ఉంటే, నా నోట అది వచ్చేసింది. పక్కనే శిరీష ఉంది కనుక, మేడం అడిగినప్పుడు "మామూలు బండ మేడం" అని కూర్చున్నాను. ఆమె ఒక్క క్షణం నా వైపు చూసి పక్క బెంచీకి వెళ్లిపోయారు.

మూడు నెలల తర్వాత సెమినారుకు ఆ బండ మీదే వ్యాసం రాశాను. లైబ్రరీలో దొరికిన పుస్తకాలన్నీ తిరగేసి, ఎగుమతులు, ధరలు, పన్నులు అన్నీ పెట్టాను. మెచ్చుకుంటారనుకున్నాను. ఆదివారం పొద్దున ఇంటికి రమ్మన్నారు. వెళ్లేసరికి పెసరట్లు పోస్తున్నారు. నా కాగితాలు వంటగట్టు మీద, అల్లం ముక్కల పక్కన ఉన్నాయి.

"బాగానే రాశావమ్మాయ్. రాయి ఉంది, దాని ధర ఉంది. మరి ఆ రాయిని తీసినవాడేడీ? దానంతటదే లేచి లారీ ఎక్కిందా?"

"మా నాయిన తీస్తడు మేడం," అన్నాను.

సిటీకి వచ్చాక మా ఊరి మాట నా నోట రావడం అదే మొదలు. ఆ తర్వాత ఇక ఆగలేదు. నాయిన చేతుల గురించి, షాపు అబద్ధం గురించి, క్లాసులో "మామూలు బండ" అన్నందుకు ఆ వారమంతా నిద్ర పట్టకపోవడం గురించి అన్నీ చెప్పేశాను. పెనం మీద అట్టు మాడిపోయింది. నేను ఏడుస్తున్నాను. ఆమె ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"ఇంత చదువు ఇంట్లో పెట్టుకుని లైబ్రరీ చుట్టూ తిరుగుతున్నావుటే! ఆయన్ని ఎప్పుడు తీసుకొస్తావ్?"

నాకు భయమేసింది. నాయిన వస్తే నా అబద్ధం బయటపడుతుంది. అంతకన్నా, ఎవరైనా ఆయన మాట విని నవ్వితే? ఆ సంగతి పైకి అనకముందే మేడం అన్నారు: "అబద్ధం సంగతి నువ్వు చూసుకో. క్లాసు సంగతి నేను చూసుకుంటా."

నేను కబురు పెడితే, ఆ గురువారం నాయిన పొద్దున బండికి సికింద్రాబాద్‌లో దిగి, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాతో, గోనెసంచీలో అయిదు బండముక్కలతో క్లాసు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. చెప్పులు విప్పబోతుంటే మేడం పరుగున వెళ్లి ఆపారు. ఆయన్ని బల్ల దగ్గర నిలబెట్టి, తాను వెనక బెంచీలో, మా మధ్య, నోటుపుస్తకం తెరిచి కూర్చున్నారు.

"మా నాన్నగారు," అన్నాను లేచి. "షాపు లేదు. గనిలో పనిచేస్తారు."

నాయిన నా వైపు వింతగా చూశాడు. ఏ షాపో ఆయనకు అర్థం కాలేదు. గొంతు సవరించుకుని, ఒక ముక్కను వేలి కణుపుతో కొట్టాడు. "ఇనుండ్రి. ఖంగుమన్నదా? ఇది నిలుస్తది. గిది సూడుండ్రి, మూగగున్నది. లోపల పగులున్నది. పైకి కనవడదు. చెవికే తెలుస్తది."

పది నిమిషాల్లో క్లాసంతా బల్ల చుట్టూ చేరింది. అందరూ కణుపులతో బండలు కొడుతున్నారు, నాయిన "ఊహూ, గట్ల కాదు" అంటూ చేతులు పట్టుకుని చూపిస్తున్నాడు. ఎవరూ నవ్వలేదు. ఎవరో అడిగారు, ధర ఎవరు పెడతారని. "కొనెటోడే సార్. తీసెటోన్ని అడుగరు," అన్నాడు. తర్వాత తానే ఒక ప్రశ్న వేశాడు.

"నాకు గూడ ఒక్కటి చెప్పుండ్రి. జొన్న కోస్తే మల్లొచ్చె ఏడు జొన్న పండుతది. బండ తీస్తే మల్ల రాదు. మరి గీ రెండిటికి ఒక్కతీర్గనే లెక్క గడ్తరా మీరు?"

అందరం వెనక్కి తిరిగి మేడంను చూశాం. ఆమె లేచి నిలబడ్డారు.

"చంద్రయ్యగారూ, ఒక్కలాగే కట్టేస్తున్నామండీ. అది తప్పు. సరిగ్గా ఎలా కట్టాలో మావాళ్లు ఏవేవో చెబుతారు. పూర్తి జవాబు మాత్రం నాకు తెలియదు."

"మీకు తెల్వదా? గింత సదివినంక గూడ?"

నాయిన నిజంగానే ఆశ్చర్యపోయాడు. ముందు మేడమే నవ్వారు. తర్వాత క్లాసంతా, చివరికి నాయిన కూడా. ఆమె ఆ ప్రశ్నను ఆయన మాటల్లోనే బోర్డు మీద రాసి, తుడవొద్దని కింద గీత గీశారు. బయటికి వస్తుంటే శిరీష నా భుజం మీద ఒక్కటిచ్చింది. "టైల్స్ షాపంట! గిసొంటి నాయినను దాచిపెట్టుకుంటరానే ఎవరన్న?"

ఆ ప్రశ్న మీదే నేను పీహెచ్‌డీ చేశాను. మేడం నాతో గనులన్నీ తిరిగారు, అదే కాన్వాసు బూట్లతో. పారేసిన రాళ్ల కుప్పలెక్కి చూసేవారు. తవ్వి వదిలేసిన గుంతల్లో ఎవరు చేపలు పెంచుతున్నారో, ఎవరి పొలానికి నీళ్లు అందకుండా పోయాయో అడిగి రాయించేవారు. మధ్యాహ్నం గని గట్టున కూర్చుని నాయినవాళ్లతో కలిసి జొన్నరొట్టె తినేవారు. కారం మంటకు కళ్లలో నీళ్లు కారుతున్నా ఇంకొంచెం వెయ్యమనేవారు. నా వైవా రోజున నాయిన మొదటి వరుసలో కూర్చున్నాడు. జవాబులో సగం దాకా వచ్చానని చెప్పాను. "మిగతా సగం వదిలిపెట్టకు బిడ్డా," అన్నాడు. మేడం ఆయనకు దండం పెట్టారు.

మేడం పోయి మూడేళ్లయింది. నేనిప్పుడు గుట్టలకూ వాగులకూ విలువ అంచనా వేసే ఉద్యోగంలో ఉన్నాను. పోయిన నెల, తవ్వకానికి ఇవ్వబోయే ఒక గుట్ట గురించిన సమావేశంలో పెద్ద అధికారి ఒకాయన అడిగారు, "ఆ గుట్ట విలువ ఎంతో ఒక్క ముక్కలో చెప్పేయండి మేడం," అని. అందరూ నా ఫైలు వైపు చూశారు. గుట్టలోని రాయి సంగతి చెప్పగలను. దాని మీద మేకలు మేపేవాళ్లకూ, దాని కింద బావులున్నవాళ్లకూ ఆ గుట్ట ఏమిటో నేనింకా వినలేదు.

"పూర్తిగా నాకు తెలియదు సార్," అన్నాను. "తెలిసినవాళ్లు ఆ గుట్ట కిందే ఉన్నారు. బుధవారం పోయి అడుగుదాం."

అంటున్నప్పుడు సిగ్గనిపించలేదు. బడికి సెలవు దొరికిన పిల్లలా హుషారు పుట్టింది. ఆయన తన ముందున్న ఫైలు మూసేసి, "ఎన్నింటికి బయలుదేరదాం?" అన్నారు.