కోమలవల్లి లక్క కుండీలు

గౌలిపురలో కోమలవల్లి గడప దగ్గర ఆగినవాళ్ళు ఏదో ఒక ప్రశ్నకు జవాబు చెప్పకుండా కదలలేరని పేరు. పాలు పోసే సత్తెమ్మ వస్తే, ఆవు వెన్న పచ్చగా, బర్రె వెన్న తెల్లగా ఎందుకుంటుందని అడిగేది. గిన్నెలకు కళాయి పెట్టేవాడు వస్తే, నవాసాగరం పొడి చల్లగానే తగరం అంత చురుగ్గా ఎట్లా పాకుతుందని అడిగేది. జవాబు సగంలో ఉండగానే లోపలి నుంచి పిల్లలెవరో కేకవేసేవారు. లేచి వెళ్ళిపోయేది.

చిన్నకూతురు నళిని పెళ్ళయి మహబూబ్‌నగర్ వెళ్ళాక ఆ కేకలు ఆగిపోయాయి. పెద్దకూతురు అహల్య అప్పటికే ఔరంగాబాద్‌లో కాపురముంటోంది. కొడుకు మురళీధర్‌కు కొత్తగూడెం బొగ్గుగనుల్లో గుమాస్తా పని దొరికింది. ఇంట్లో మిగిలింది కోమలవల్లి, ఆమె భర్త వెంకటనారాయణ. ఆయనది సర్కారు దఫ్తర్‌లో ఉద్యోగం. ఇన్నేళ్ళూ ఉర్దూలో రాసిన కాగితాలు ఇప్పుడు ఇంగ్లీషులో రాయమంటున్నారని సాయంత్రం రాగానే ఇంగ్లీషు పుస్తకం ముందేసుకుని కూర్చునేవాడు. ఆమె మాత్రం అలవాటు కొద్దీ అయిదుగురికి వండి, మిగిలింది సత్తెమ్మకు పెట్టి, మధ్యాహ్నమంతా వసారాలాంటి దాలానులో గోడకానుకుని కూర్చునేది.

ఒకరోజు పిల్లల అర్ర సర్దుతుంటే నళిని వదిలేసి వెళ్ళిన లక్క గాజు ఒకటి కనబడింది. అందులో ఒక అద్దం ఊడిపోయింది. దాన్ని బాగు చేయించడానికి చార్మినార్ పక్కన లాడ్‌బజారుకు వెళ్ళింది. ఎప్పుడూ గాజులు కొనేది హలీమా బీ దగ్గరే. కానీ దుకాణం వెనక బొగ్గుల కుంపటి ముందు ఆమె పని చేస్తుంటే చూడటం అదే మొదటిసారి. గట్టిగా కర్రలా ఉన్న లక్క నిప్పు సెగకు మైనంలా మెత్తబడింది. హలీమా బీ అద్దం ముక్కను పట్టకారుతో పట్టి అందులో నొక్కింది. అంతే, రెప్పపాటులో రాయిలా బిగుసుకుపోయింది.

"గాజుకే అంటుకుంటదా, దేనికన్నా అంటుకుంటదా?" అని అడిగింది కోమలవల్లి.

"నా వేలుకు భీ అంటుకుంటది, దేఖో!" అని హలీమా బీ కాలిన మచ్చలు చూపించి నవ్వింది.

"మరి మట్టికి?"

"మట్టికి ఎవరు పెడ్తరమ్మా? ఎన్నడు పెట్టి చూడలే."

ఎవరూ పెట్టి చూడలేదన్న మాట కోమలవల్లిని ఊరుకోనివ్వలేదు. ఇంటికి వచ్చేటప్పుడు ఆమె సంచిలో బాగు చేసిన గాజుతో పాటు నాలుగు లక్క కడ్డీలు, అద్దాల తుంపులు పోసిన మూట ఉన్నాయి.

మర్నాడు ఆంగనంలో కనకాంబరాలు, బంతులు వేసిన మట్టికుండీలను దాలానులోకి లాగి కుంపటి ముందేసుకుంది. మొదటి రోజు వేళ్ళు కాల్చుకోవడమే మిగిలింది. లక్క ఒకచోట ముద్దకట్టింది, ఒకచోట పొగచూరింది. కుండీని కూడా కొంచెం వెచ్చజేస్తే పట్టు బాగుంటుందని రెండోరోజు తెలిసింది. ఆ తరువాత చేయి తిరిగింది. ఒక కుండీ చుట్టూ తీగ పాకించింది. ఇంకొకదాని మీద చిలకలు కూర్చోబెట్టింది.

వెంకటనారాయణ దఫ్తర్ నుంచి వచ్చి గడపలోనే ముక్కు మూసుకున్నాడు. "ఏంది గీ వాసన? లక్క ఇల్లు గిట్ల కడ్తున్నవా?"

"కుండీలకు పెడ్తున్న. చూడరాదు, ఎట్ల మెరుస్తున్నయో!"

ఆయన చూశాడు. మెరుస్తున్న మాట నిజమే. కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాడు.

చిలకల కుండీ చూడటానికి పక్కింటి సావిత్రి తన అత్తను వెంటబెట్టుకుని వచ్చింది. వాళ్ళను చూసి ఇంకెవరో వచ్చారు. కానీ ఎండలు ముదిరేసరికి ఆంగనంలో ఉన్న కుండీల మీది చిలకలు జారడం మొదలుపెట్టాయి. ముక్కులు పొట్టల మీదికి వచ్చాయి. తీగలు కిందికి సాగి వేలాడాయి.

"అయ్యో, గింత కష్టపడ్డవు గదా వదినా!" అంది సావిత్రి.

కోమలవల్లికి కష్టం గుర్తుకే రాలేదు. కొంగు నెత్తిన వేసుకుని, ఎండలోనే ఆ కుండీ ముందు గొంతుకూర్చుని వేలితో లక్కను తాకి చూస్తోంది. మెత్తగా, జిగటగా ఉంది. సెగకు మెత్తబడేది ఎండకూ మెత్తబడుతుంది, ఇందులో వింత లేదు. ఆమెకు అంతుపట్టనిది ఇంకొకటి. దాలాను వెనక మూల నీడలో పెట్టిన కనకాంబరం కుండీ మీద కూడా అద్దాలు రాలాయి. అక్కడ లక్క జారలేదు. గట్టిగానే ఉండి, ఎండిన పుండు మీది చెక్కులా పెళ్ళలు పెళ్ళలుగా ఊడింది. దాని పక్కనే మొక్క నాటకుండా ఊరికే పెట్టిన ఖాళీ కుండీ మాత్రం చెక్కుచెదరలేదు.

"ఎండల ఉన్నది జారిందంటే సరే. నీడల ఉన్నది ఎందుకు రాలింది?" అని అన్నం వడ్డిస్తూ భర్తను అడిగింది.

"నన్నడిగితే ఏం చెప్త? నీ కుండీలే చెప్పాలె."

ఆ మాట నిజమేననిపించింది ఆమెకు. ఊడిన పెళ్ళ ఒకటి తెచ్చి వెనక్కి తిప్పింది. వెనక తడిగా ఉంది. ఆ తడి ఎక్కడిదా అని ఆలోచిస్తూనే భర్తకు నీళ్ళు ఇవ్వడానికి మట్టి కూజా ఎత్తింది. అరచేయి తడిసింది. ఇన్నేళ్ళుగా రోజూ ఆ కూజా ఎత్తుతూనే ఉంది, రోజూ చేయి తడుస్తూనే ఉంది.

"కూజా చెమటపోసినట్టే కుండీ భీ పోస్తది! మొక్కకు పోసిన నీళ్ళు మట్టిల నుంచి బయటికొచ్చి లక్కను తోసేస్తున్నయి!"

వెంకటనారాయణ అన్నం కలపడం ఆపి కూజా వైపు చూశాడు. "అయితే లోపల నీళ్ళు తగలకుంటె సరిపాయె. నూనె డబ్బాల మొక్క పెట్టి, ఆ డబ్బాను కుండీల దించరాదు?"

ఆయనకు ఆ ఆలోచన ఎట్లా వచ్చిందో ఆయనకే తెలియలేదు. తరువాత ఆదివారం తానే మేకు, సుత్తె తెచ్చి డబ్బాలకు అడుగున తూట్లు పొడిచాడు. కారిన నీళ్ళు పట్టడానికి కుండీలో మూకుడు పెట్టాడు.

తడి బాధ తీరింది. ఎండ బాధ మిగిలింది. లక్క కుండీకి నీడ కావాలి, మొక్కకు వెలుతురు కావాలి. రెండూ కుదిరే చోటు కోసం ఆమె ఇల్లంతా తిరిగింది. వంటింట్లో పొగ. దాలానులో మధ్యాహ్నం ఎండ లోపలిదాకా వస్తుంది, ఎండ పడని వెనక మూలకు వెలుతురు చాలదు. చివరికి పిల్లల అర్రలో ఉత్తరం వైపు కిటికీ ముందు నిలబడింది. ఆ కిటికీకి అడ్డంగా నళిని మంచం, మంచం మీద పరుపుల చుట్టలు, వాటి మీద పెట్టెలు. ఎప్పుడో మురళీధర్ చిన్నప్పుడు గల్లీలోకి దూకుతున్నాడని మూసిన తలుపులు మళ్ళీ తెరవలేదు. సత్తెమ్మను పిలిచి ఇద్దరూ కలిసి సామాను జరిపారు. బిగుసుకుపోయిన తలుపును సత్తెమ్మ భుజంతో తోసింది. అర్రలోకి వెలుతురు వచ్చి పడేసరికి గోడలు ఎంత మాసి ఉన్నాయో తెలిసింది. దాంతో సున్నం తడిపి, కాస్త నీలిమందు కలిపి వేయించక తప్పలేదు.

"పిల్లలొస్తే ఎక్కడ పండుకుంటరు?" అన్నాడు వెంకటనారాయణ, దాలానులోకి వచ్చిన మంచాన్ని చూసి.

"వాళ్ళు ఏడాదికి ఒకపాలి వస్తరు. కిటికీ రోజూ ఉంటది గదా!"

కిటికీ ముందు తమలపాకు తీగ, మరువం, దవనం చేరాయి. వారం తిరక్కుండానే వెంకటనారాయణ తన ఇంగ్లీషు పుస్తకం, చాప తీసుకుని అక్కడికి మారాడు. హలీమా బీ ఒక శుక్రవారం పనిగట్టుకుని వచ్చి చూసి, "గమ్లాకు కంగన్ తొడిగినవమ్మా!" అని, గాజులు తొడుక్కున్నట్టున్న ఆ కుండీల చుట్టూ తిరిగి తిరిగి చూసింది.

శ్రావణంలో నళిని పుట్టింటికి వచ్చింది. చేతిసంచి పట్టుకుని నేరుగా తన అర్రలోకి వెళ్ళి, అక్కడే నిలబడిపోయింది.

"నా మంచమేది? నా పెట్టె?"

"దాలాన్ల ఉన్నయి బిడ్డా. చూసినవా, కిటికీ తెరిస్తే..."

"నన్ను పంపి ఆర్నెల్లు కాలే. అప్పుడే నా అర్ర ఊడ్చేసినవా అమ్మా?"

కోమలవల్లి కూతురి చేతిసంచి అందుకుంది. కుండీల గురించి ఎన్నో ఆలోచించింది గానీ, ఈ ప్రశ్న ఒకటి వస్తుందని అనుకోలేదు. ఆ రాత్రి నళిని అన్నం కెలికి లేచింది. కోమలవల్లి ఆమె మంచం పక్కనే చాప పరుచుకుంది. మంచాన్ని మళ్ళీ లోపల వేయాలా, కిటికీ మూయాలా అని చాలాసేపు తర్కించుకుంది. ఏదీ తేలలేదు.

తెల్లవారి లేచి చూస్తే మంచం మీద నళిని లేదు. లోపల కిటికీ దగ్గర కూర్చుని, కుండీ మీది లక్కను గోటితో గీకుతోంది.

"అమ్మా, మట్టికి గిది ఎట్ల నిలిచింది? ఊడదా?"

"ఊడింది. మొదలు అన్నీ ఊడినయి," అంటూ కోమలవల్లి పక్కన చతికిలబడింది. జారిన చిలకలు, కూజా చెమట, డబ్బా, అన్నీ చెప్పింది. నళిని మధ్యలో ఆపి ఆపి అడిగింది. మూకుడులో నీళ్ళు నిలిస్తే దోమలు రావా అంది. డబ్బా తుప్పు పడితే ఏం చేస్తావంది. ఆ రెండూ కోమలవల్లికి తట్టనివే. పొద్దెక్కాక తల్లీకూతుళ్ళు కుంపటి రాజేసుకుని ఒక కొత్త కుండీ మొదలుపెట్టారు. మంచం సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. రాత్రి నళిని తానే కిటికీ కింద పక్క వేసుకుంది.

వెళ్ళేరోజు కాచిగూడ స్టేషన్లో ఆ కుండీ నళిని ఒడిలో ఉంది. వెంకటనారాయణ దాన్ని పాత ధోవతిలో చుట్టి కట్టాడు. కోమలవల్లి రైలు కిటికీ ఊచలు పట్టుకుని, "పైలం బిడ్డా, ఎండల పెట్టకు," అంది.

"ఒక దినం పెడ్త. ఎట్ల జారుతదో నేను భీ చూడాలె గదా!" అంది నళిని.

కోమలవల్లికి నవ్వు ఆగలేదు. రైలు కదిలింది. "పొద్దుటి ఎండల పెట్టు! మెల్లగ జారుతది, మంచిగ కనిపిస్తది!" అని ఊచలు వదిలేసి, ప్లాట్‌ఫారం మీద నాలుగడుగులు వెంట నడుస్తూ అరిచింది.