నలభై ప్రశ్నల ఫారం, ఒక్క నల్లా

ఆ రోజుల్లో నా కోపానికి వేళాపాళా ఉండేది కాదు. (ఇప్పుడు తగ్గిందంటాను, మా ఇంట్లోవాళ్లు ఒప్పుకోరు.) కొత్తగా ఉద్యోగంలో చేరాను. శాలిబండలో చిన్న దవాఖాన నడిపే ఒక సంస్థ, కొత్త ఆరోగ్య కార్యక్రమం మొదలుపెట్టే ముందు బస్తీవాళ్లకు ఏం అవసరమో ఇంటింటికీ వెళ్లి అడిగి రమ్మని నన్ను పంపింది. చేతిలో నలభై ప్రశ్నల ఫారం, మెడలో గుర్తింపు కార్డు. లోకాన్ని బాగుచేయడానికి ఈ రెండూ చాలనుకున్నాను.

సంతోష్‌నగర్‌లో షేర్ ఆటో ఎక్కి, ముగ్గురి సీట్లో నలుగురం ఇరుక్కుని, ఆ మంటతోనే పదింటికి శాలిబండ గల్లీలో దిగేదాన్ని. సరిగ్గా అప్పుడే గల్లీ నల్లాలో నీళ్లు వచ్చేవి. పన్నెండు కొడితే బంద్, ఆ వెంటనే వంటల హడావిడి. ఆ రెండు గంటలూ బిందెలు వదిలి నా మొహం చూసే ఆడమనిషి ఉండేది కాదు. గల్లీ చివర బ్లౌజులు కుట్టే ఆమెను అందరూ కుట్టుమిషన్ అక్క అనేవారు. ఆమెకు బీపీ. మాత్రలు అయిపోయి నెల దాటిందని, అప్పుడప్పుడు కళ్లు తిరిగి మిషన్ మీదే వాలిపోతుందని పక్కింటామె చెప్పింది. ఉచితంగా మాత్రలిచ్చే మా దవాఖాన ఆమె ఇంటికి నాలుగిళ్ల అవతలే ఉంది. పది నుంచి పన్నెండు దాకా తెరిచే ఉంటుంది. అయినా వెళ్లదు! నాకు ఒళ్లు మండింది. వరసగా మూడు రోజులు వెళ్లాను. మూడు రోజులూ బిందె మీంచి చూపు తిప్పకుండా ఒకటే మాట. "నాలుగింటికి రా చెల్లె. గప్పుడు ఎన్నంటె అన్ని చెప్త."

నాలుగింటికా? నా డ్యూటీ ఒంటిగంటకే అయిపోతుంది. మూడో రోజు నీళ్ల పైపు కాలికి తగిలి పడ్డాను. చున్నీ తడిసింది, ఫారాలు తడిశాయి. ఆ కోపంలో ఆమె ఫారం మీద అడ్డంగా రాశాను: ఆరోగ్యం పట్ల ఆసక్తి లేదు. కింద రెండు గీతలు కూడా కొట్టాను.

ఫారాలు అప్పజెప్పడానికి ఆఫీసుకు వెళితే మూలన కొత్త బ్యానర్ల చుట్టలు కనబడ్డాయి. చేతుల శుభ్రతపై అవగాహన సదస్సు అట. ఇంకా ఒక్క ఫారమూ ఎవరూ చదవనేలేదు! మా పెద్ద సారును (మేం చాటుగా బ్యానర్ సార్ అనేవాళ్లం) నిలదీస్తే, సర్వే అనేది ఫార్మాలిటీ అమ్మా అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మరి నన్నెందుకు ఎండలో తిప్పారని అరిచాను. ఆయన టీ తెమ్మని ఎవరికో చెప్పాడు.

సదస్సు కూడా ఆ గల్లీలోనే, పదింటికే పెట్టారు. సార్ మైకు ముందు రెండు చేతులకూ సబ్బు దట్టంగా రుద్ది నురుగు చూపిస్తుండగా, ఆ రోజు కాస్త ఆలస్యంగా నల్లా వచ్చింది. చిటికెలో కుర్చీలన్నీ ఖాళీ. చేతులు కడగడానికి నీళ్లు తెప్పించడం మావాళ్లు మరిచిపోయారు. (నేను మరిచిపోలేదు. గుర్తు చేయలేదంతే.) సార్ నురుగు చేతులు చాచుకుని నల్లా దగ్గరికి నడిచాడు. అక్కడ కుట్టుమిషన్ అక్క బిందె ఉంది.

"జర ఆగుండ్రి సార్. గిప్పుడు ఇడిస్తె మల్ల రేపే."

చేతులు ఎండిపోయి దురద పెడుతుంటే, చేసేదేమీ లేక ఆయన అడిగాడు, మీకు అసలేం కావాలమ్మా అని.

"మీ దవాఖాన నాలుగింటికి తెరువుండ్రి. పదింటికి తెరిస్తె నీళ్లు పట్టుకోవాల్నా, బీపీ చూపించుకోవాల్నా?"

రెండు వారాల్లో దవాఖాన వేళ మారింది. అదంతా నా పోరాటమేనని కనబడ్డవాళ్లందరికీ చెప్పుకున్నాను. మొదటి సాయంత్రం గొప్పగా నేనూ వెళ్లి నిలబడ్డాను. అందరికంటే ముందు అక్కే వచ్చింది. నర్సు మా సర్వే ఫారాలతో తెరిచిన ఆమె ఫైలు తీసింది. అందులో తడిసి ఎండిన నా ఫారం. నేను ఆపేలోగా పైకి చదివేసింది.

అక్క నావైపు తిరిగింది. మొహంలో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"ఆసక్తి లేకుంటె మూడుసార్లు నాలుగింటికి రమ్మని ఎందుకు చెప్త చెల్లె? నువ్వు ఒక్కసారన్న వచ్చినవా?"

బ్యానర్ సార్ నురుగు చేతులతోనైనా నిలబడి విన్నాడు. నేను అదీ చేయలేదు. ఆమె బీపీ చూపించుకుని మాత్రలు తీసుకునేదాకా ఆగి, పక్కన కూర్చుని నలభై ప్రశ్నలూ అడిగాను. అన్నిటికీ ఓపిగ్గా చెప్పింది.

ఆ రెండు గీతలు కొట్టిన పిల్ల, అంటే అప్పటి నేను, గుర్తొస్తే ఇప్పటికీ నాకు కోపమే. పాపం, కాస్త నవ్వూ వస్తుంది. కొత్త గల్లీలోకి వెళితే ఈనాటికీ ఫారం సంచిలోంచి తీయను. ముందు ఒకటే అడుగుతాను, ఎన్నింటికి రమ్మంటారక్కా అని.