ఎడమచేతి డప్పు

మా ఆయనది ఎడమచెయ్యి వాటం. అన్నం ఒక్కటే కుడిచేత్తో తినేవాడు. అదీ చిన్నప్పుడు వాళ్ళమ్మ కొట్టి కొట్టి నేర్పింది గనుక. డప్పు సంగతి మాత్రం ఎవరి వల్లా కాలేదు. అందరూ డప్పును ఎడమ భుజానికి తగిలించుకుని కుడిచేత్తో దరువు వేస్తారు. ఈయన కుడి భుజానికి తగిలించుకునేవాడు. వరసలో ఆడుతుంటే ఆయన మోచెయ్యి పక్కవాడి డొక్క ఎముకల్లో పొడుచుకునేది.

"బావా, తెలంగాణ వచ్చేదాంక నా బొక్కలు ఉండనిస్తవా, లేదా?" అని నాకు వరసకు తమ్ముడయ్యే అతను నా మొగుడి మీద లేచేవాడు.

"నీకు బొక్కలెక్కడియిరా, అంత నోరేనాయె!" అనేవాడు ఈయన.

చివరికి ఆయన్ను వరస కొసన నిలబెట్టారు. పక్కన మూరెడు జాగా వదిలేవారు.

తెలంగాణ కోసం ఊరూరా సభలు పెడుతున్న రోజులవి. నర్సింహులపేట దగ్గర మా ఊరి నుంచి పద్దెనిమిది మంది ఆటాపాటా కట్టి తిరిగేవారు. పాట ఎత్తుకునే ఆయన బృందానికి పెద్ద. ఆయన్ను అందరూ అన్న అనే పిలిచేవారు. నేను వంటకూ, బట్టలు ఉతకడానికీ వెంట వెళ్ళేదాన్ని. నాకు సంతకం తప్ప చదువు రాదు. ఇదైనా నేను చెబుతుంటే పక్కింటి పంతులమ్మ రాస్తోంది.

ఒకసారి చిట్యాలలో రెండు బృందాల వ్యాన్లు పక్కపక్కన ఆగాయి. నేను వేరేవాళ్ళ వ్యాను ఎక్కి కూర్చున్నాను. సద్దిమూట విప్పి, తిందురు రండని పిలిస్తే ఒక్క ముఖమూ మనది కాదు! మావాళ్ళు ఊరు దాటేదాకా నవ్వుతూనే ఉన్నారు. నాకు కోపం వచ్చింది.

"నవ్వుతరేంది? జనగామల నీలం రాత, మానుకోటల పిడికిలి బొమ్మ, ఈడ ఇంకోటి. మీ బ్యానర్ మీకే గుర్తుండదు, నాకేం ఎర్క? ఒక్క గుర్తు పెట్టుకోండ్రి. యాడ జూసినా గదే ఉండాలె" అన్నాను.

పాటల అన్న నవ్వడం ఆపాడు. "వదిన చెప్పింది నిజమేరా" అన్నాడు.

మహబూబాబాద్‌లో లారీల వెనక బొమ్మలు వేసే పెయింటర్ ఒకాయన ఉండేవాడు, ముస్లిం. ఆయన్ను మా ఇంటికి పిలిపించారు. ఎండ ఏటవాలుగా పడే వేళ మా ఆయన్ను డప్పుతో సహా గోడ ముందు నిలబెట్టాడు. గోడ మీద పడ్డ నీడ చుట్టూ బొగ్గుతో గీత గీశాడు.

"హిలో నక్కో భాయ్! జర కదలకుండ నిలబడు" అని అరుస్తుంటే ఈయనకు నవ్వు ఆగేది కాదు. అందుకే బొమ్మలో భుజం కాస్త ఎగిరినట్టుంటుంది.

ఆ గీతను చూసి చిన్నగా చేసి, దవాఖానలో పారేసిన ఎక్స్‌రే రేకులో కత్తిరించాడు. ఎండకెత్తి పట్టుకుంటే రేకులో ఎవరివో పక్కటెముకలు, వాటి నడుమ మా ఆయన ఆకారం. బొమ్మకు ఎదురుగా నిలబడి చూస్తే డప్పు మన ఎడమచేతి వైపు ఉంటుంది. రేకును బట్ట మీద ఆనించి, పైనుంచి రంగు అద్దితే బొమ్మ దిగుతుంది. ఆ పని నాకు నేర్పాడు. రంగు నేనే ఎంచాను. అరుగులకు పూసే ఎర్రటి జాజు రంగు. తువ్వాళ్ళ మీద, బ్యానర్ మీద, వ్యాను తలుపు మీద, ఊళ్ళ గోడల మీద, అంతటా అదే బొమ్మ, అదే రంగు. బయ్యారంలో ఒక ముసలమ్మ దూరం నుంచే "గా జాజుబొమ్మోళ్ళు వచ్చిండ్రు" అన్నదంటే నా కడుపు నిండింది.

రెండేళ్ళు తిరిగాక మా ఆయనకు కామెర్లు ముదిరాయి. దవాఖాన నుంచి మనిషి తిరిగి రాలేదు.

ఆ తర్వాత సభలకు వెళ్ళడం మానేశాను. ఆయన జాగాలో ఇంకొకాయన్ను చేర్చుకున్నారు. తువ్వాళ్ళు మాత్రం నా దగ్గరికే వచ్చేవి. బొమ్మ వేసి దండెం మీద ఆరేసేదాన్ని. గాలికి పద్దెనిమిది మంది కదిలేవారు, పద్దెనిమిది మందీ ఆయనే. ఆ పూటకు ఇల్లు నిండుగా ఉండేది. ఎవరో వచ్చి మడతపెట్టి తీసుకుపోయాక, ఉత్త దండెం.

భూపాలపల్లిలో పెద్ద సభ అన్నారు. జనగామలో ఫ్లెక్సీ చేయించి తెచ్చి మా వాకిట్లో పరిచారు. చూడగానే తెలిసింది. డప్పు మన కుడిచేతి వైపుకు పోయింది.

"అన్నా, గిది మన బొమ్మ గాదు."

"ఎందుకు గాదు వదినా?"

"కుడిచెయ్యి వాటమోడు గీడు."

పాటల అన్న వంగి చూశాడు. "ఓ, గదా! బొమ్మ రాత దిక్కు జూడాలె అని కంప్యూటరాయన తిప్పిండు. ఎవలకు తెలుస్తది?"

"నాకు తెలుస్తది."

"సప్పుడు ఒక్కటే గదనే అక్కా, ఏ చెయ్యైతేంది" అన్నాడు ఆ నోరుగల తమ్ముడు. అన్నాక తల దించుకున్నాడు.

పాటల అన్న మెల్లగా చెప్పాడు. "మన పాటల సీడీల మీద గట్లనే అచ్చయింది. వ్యాన్‌కు గదే అంటిచ్చినం. ఇగ తువ్వాలలే మిగిలినయ్. యాడ జూసినా ఒక్కతీరుగుండాలె అని నువ్వే అంటివి గద వదినా? రేకు తిప్పి కొట్టు, అయిపాయె."

నా మాటే నాకు అడ్డం పడింది. లేచి రేకు తీశాను.

తిప్పడమంటే ఉత్తగా తిప్పడం కాదు. రేకు పైవైపు ఏళ్ళ రంగు పొరలుగా పేరుకుని ఉంది. ఆ వైపు బట్ట మీద ఆనిస్తే అంచులు లేచి రంగు అలుక్కుపోతుంది. కిరోసిన్ గుడ్డతో నానబెట్టి, గోటితో గీకాను. పొర కింద పొర. ఒక పూటంతా పట్టింది. చివరికి ఆ పక్కటెముకలు మళ్ళీ కనబడ్డాయి.

తిప్పి కొట్టాను. పద్దెనిమిది తువ్వాళ్ళు. దండెం మీద ఆరేసి ఇంట్లోకి వెళ్ళి కూర్చున్నాను. బయట ఎవరో పరాయివాళ్ళు నిలబడ్డట్టే ఉంది.

పాటల అన్న బలవంతం మీద భూపాలపల్లికి వెళ్ళాను. ఈసారి పొరపాటున వేరేవాళ్ళ వ్యాను ఎక్కలేదు. తలుపు మీద బొమ్మ ఉంది కదా.

ఆడవాళ్ళలో కూర్చున్నాను. మావాళ్ళు వేదిక ఎక్కగానే "జాజుబొమ్మోళ్ళు!" అని ఈలలు. పైన ఫ్లెక్సీ, కింద తువ్వాళ్ళు, అంతా ఒక్కతీరుగా ఉంది. ముచ్చటగానే ఉంది, అబద్ధం ఎందుకు.

పక్కన ఎవరో బొగ్గుబాయి కార్మికుడి భార్య అడిగింది. "అక్కా, గాళ్ళల్ల మీ ఇంటాయన ఉన్నడా?"

"కొసకు" అన్నాను.

"గా బట్టతలాయనా?"

అవునన్నట్టు తల ఊపాను. ఆ బట్టతలాయన బాగానే వాయిస్తున్నాడు. పక్కవాడికి ఆనుకుని నిలబడ్డాడు. మధ్యలో బెత్తెడు జాగా కూడా లేదు.